‘ప్లస్’ మాత్రలో రెండు మందులు: కుంగుబాటు చికిత్సలో చిక్కు ఎక్కడ మొదలవుతుంది

క్లుప్తంగా

కుంగుబాటుకూ, ఆందోళనకూ విరివిగా రాసే ఎస్సిటాలోప్రామ్ సరిగా వాడితే చాలామందికి భద్రమైన మందే. మన దగ్గర అది తరచూ క్లోనజెపామ్ అనే మరో మందుతో కలిపి ఒకే మాత్రగా చేతికొస్తుంది. మొదటిది నెలల తరబడి వాడాల్సింది. రెండోది కొన్ని వారాల్లో ఆపాల్సింది. రెండూ ఒకే మాత్రలో ఉన్నప్పుడు ఒకదాన్ని ఉంచి మరొకదాన్ని ఆపడం కుదరదు. వేరే మందులతో కలిసినప్పుడు, ఒక్కసారిగా ఆపినప్పుడు వచ్చే ఇబ్బందులు ఈ కలయికతో మరింత ముదురుతాయి.

మాత్రలో ఏముంది

గుంటూరు కొత్తపేటలోనో, విజయవాడ సూర్యారావుపేటలోనో ఓపీ చూపించుకుని వచ్చినవారి సంచిలో ఈ మాత్ర ‘టెన్షన్ మాత్ర’, ‘నరాల మాత్ర’, ‘నిద్రమాత్ర’ అనే పేర్లతో ఉంటుంది. ఇచ్చేటప్పుడే ‘నరాల బలహీనతకు’ అని చెప్పి ఉంటారు. అందువల్ల తాము కుంగుబాటు మందు వాడుతున్నామన్న సంగతి చాలామందికి తెలియదు. తెలియనివారు పళ్ల డాక్టరుకు గానీ, ఎముకల డాక్టరుకు గానీ ఆ మాట చెప్పలేరు. ఈ వ్యాసంలో వచ్చే సమస్యల్లో సగం అక్కడే పుడతాయి.

స్ట్రిప్పు వెనక చిన్న అక్షరాల్లో మందుల పేర్లు, మోతాదులు ఉంటాయి. సాధారణంగా కనిపించే కలయిక 10 మి.గ్రా. ఎస్సిటాలోప్రామ్, 0.5 మి.గ్రా. క్లోనజెపామ్. బ్రాండు పేరు చివర ‘ప్లస్’ లాంటి తోక చాలాసార్లు ఉంటుంది. క్లోనజెపామ్ మాదకద్రవ్యాల చట్టం పరిధిలోకి వచ్చే మందు కాబట్టి స్ట్రిప్పు మీద ఎన్ఆర్ఎక్స్ అనే గుర్తు ఎర్రగా కనిపిస్తుంది. ఎస్సిటాలోప్రామ్ ఒక్కటే ఉన్న స్ట్రిప్పుకు ఆ గుర్తు ఉండదు, మామూలు ఆర్ఎక్స్ ఉంటుంది. ఇంట్లో ఉన్నది ఏ రకమో తేల్చుకోవడానికి ఇదే సులువైన దారి.

రెండు మందులు, రెండు గడువులు

ఎస్సిటాలోప్రామ్ మెదడులో సందేశాలు మోసే రసాయనమైన సెరటోనిన్‌ను నాడీకణాలు వెనక్కి పీల్చుకునే ద్వారాన్ని మూస్తుంది. మూయడం కొన్ని గంటల్లోనే జరుగుతుంది కానీ మనసు తేరుకోవడానికి సమయం పడుతుంది. ఒకటి రెండు వారాల్లో కొంత మార్పు కనిపించవచ్చు. మందు పనిచేస్తోందా లేదా అని తేల్చడానికి సరైన మోతాదులో 4 నుంచి 6 వారాలు చూడాలి. ‘సెరటోనిన్ తక్కువైంది, మాత్రతో భర్తీ అవుతుంది’ అనే వివరణ అతి సరళం. పెరిగిన సెరటోనిన్‌కు అలవాటుపడుతూ మెదడు ఆ సందేశాన్ని అందుకునే తన గ్రాహకాలను నెమ్మదిగా సర్దుకుంటుంది, ఆలస్యానికి కారణం అదేనన్నది ఎక్కువగా వినిపించే వివరణ. ఆపేటప్పుడు ఇబ్బంది రావడానికీ ఈ సర్దుబాటే మూలం.

క్లోనజెపామ్ దారి వేరు. మెదడును నెమ్మదింపజేసే గాబా వ్యవస్థను బలపరుస్తుంది, గంటలోపే గాభరా తగ్గుతుంది, ఆ రాత్రే నిద్ర పడుతుంది. కుంగుబాటును మాత్రం నయం చేయదు. రోజూ వాడితే కొన్ని వారాల్లోనే శరీరం దానికి అలవాటుపడుతుంది. అందుకే ఈ వర్గం మందులను 2 నుంచి 4 వారాలకు పరిమితం చేయాలని వైద్య మార్గదర్శకాలు చెబుతాయి.

ఈ రెంటినీ జంటగా మొదలుపెట్టడంలో వైద్యపరమైన తర్కం ఉంది. ఎస్సిటాలోప్రామ్ అందుకునేలోగా మొదటి వారాల్లో రోగి నలిగిపోకుండా క్లోనజెపామ్ ఆసరా ఇస్తుంది. రెండూ కలిపి ఇచ్చినవారిలో మొదటి నాలుగు వారాలు మెరుగుదల ఎక్కువగా కనిపించిందనీ, ఆ తర్వాత ఆ తేడా నిలవలేదనీ పరిశోధనల సమీక్షల్లో తేలింది. అంటే ఆసరా అవసరం తొలి నెలకే. నెల దాటాక కూడా అదే మాత్ర కొనసాగితే మిగిలేది అలవాటు మాత్రమే.

మోతాదు మార్చాల్సి వచ్చినప్పుడు చిక్కు ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. 10 మి.గ్రా. చాలక 20కి పెంచాలనుకుంటే రెండు ‘ప్లస్’ మాత్రలు వేసుకోవాలి. అవసరం లేకున్నా క్లోనజెపామ్ కూడా 1 మి.గ్రా. అవుతుంది. కుంగుబాటు తగ్గి, నిద్రమందు ఆపాలనుకుని మాత్రను సగం చేస్తే అవసరమైన మందూ సగమవుతుంది. ఒకే మాత్ర మింగడం సౌకర్యమే. రోగికి చికిత్సాపరంగా అందులో లాభమేమీ లేదు, విడివిడిగా రెండు మాత్రలు రాయించుకోవడమే మేలు.

మొదటి రెండు వారాలు

ఎస్సిటాలోప్రామ్ రోజుకు ఒక్కసారి వేసుకునే మందు. పెద్దలకు మామూలుగా 10 మి.గ్రా.తో, ఆందోళన ఎక్కువగా ఉన్నవారికి 5తో మొదలుపెడతారు. గరిష్ఠం 20. అరవై అయిదేళ్లు దాటినవారికీ, కాలేయం దెబ్బతిన్నవారికీ 10 మి.గ్రా. మించకపోవడం మంచిది. తిండికి ముందా తర్వాతా అన్నదానితో పనిలేదు. నిద్ర చెడితే పొద్దున, మగతగా ఉంటే రాత్రి. ఒక పూట మరిచిపోతే అదే రోజు గుర్తొచ్చినప్పుడు వేసుకోవచ్చు. మర్నాడు గుర్తొస్తే ఆ రోజు మాత్ర ఒక్కటే, రెండు కలిపి కాదు.

మొదటి వారం పది రోజుల్లో వికారం, తలనొప్పి, విరేచనాలు పలచబడటం, చెమట, ఆవలింతలు మామూలే. చాలామందిలో ఇవి రెండు వారాల్లో తగ్గిపోతాయి. తగ్గకుండా మిగిలేది లైంగిక సమస్య: కోరిక తగ్గడం, స్ఖలనం ఆలస్యం కావడం, స్త్రీలలో భావప్రాప్తి కలగకపోవడం. అడిగే డాక్టరు తక్కువ, చెప్పే రోగి ఇంకా తక్కువ. చివరికి చెప్పకుండానే మందు మానేస్తారు. మోతాదు తగ్గించడం, మిర్టజాపిన్, బుప్రోపియాన్ లాంటి వేరే మందుకు మార్చడం లాంటి పరిష్కారాలు ఉన్నాయి కాబట్టి ఈ మాట దాచుకోకపోవడమే మంచిది.

మందు మొదలుపెట్టకముందే తేలాల్సిన ప్రశ్న మరొకటి ఉంది. గతంలో ఎప్పుడైనా కొన్ని రోజులపాటు నిద్ర లేకున్నా అలుపు రాకుండా, మాట ఆగకుండా, డబ్బు విచ్చలవిడిగా ఖర్చుపెడుతూ గడిపారా? రక్తసంబంధీకుల్లో ఎవరికైనా అలా జరిగిందా? అవునంటే అది బైపోలార్, అంటే కుంగుబాటూ ఉన్మాదమూ మారిమారి వచ్చే జబ్బు కావచ్చు. అలాంటివారికి కుంగుబాటు మందు ఒక్కటే ఇస్తే మనసు రెండో అంచుకు, అంటే ఉన్మాదానికి ఎగబాకే ప్రమాదం ఉంది.

యువత విషయం ప్రత్యేకంగా చెప్పుకోవాలి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2004లో పిల్లల్లో, కౌమారంలో ఉన్నవారిలో కుంగుబాటు మందుల మీద అత్యున్నత స్థాయి హెచ్చరిక పెట్టించింది. 2007లో దాన్ని 24 ఏళ్ల వరకు పొడిగించింది. పిల్లల మీద జరిగిన ప్రయోగాలన్నీ కలిపి చూస్తే ఆత్మహత్య ఆలోచనలు, ప్రయత్నాలు మందు వాడినవారిలో 4 శాతం, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో 2 శాతం కనిపించాయి. ఆ ప్రయోగాల్లో ఎవరూ ప్రాణం తీసుకోలేదు. దీన్నిబట్టి మందే వద్దనుకోవడం పొరపాటు, ఎందుకంటే చికిత్స అందని కుంగుబాటే అంతకంటే పెద్ద ముప్పు. హెచ్చరిక చెప్పేది ఏమిటంటే, మొదటి కొన్ని వారాలు, మోతాదు మార్చిన ప్రతిసారీ, దగ్గరుండి గమనించేవారు కావాలి. విజయవాడ, గుంటూరు రెసిడెన్షియల్ కాలేజీల్లో చదివే పదహారు, పదిహేడేళ్ల పిల్లలకు సరిగ్గా ఇదే కొరత. తల్లిదండ్రులు సొంతూళ్లో, పిల్లలు హాస్టల్లో ఉంటారు. కూర్చోలేనంత అశాంతి, కాళ్లు నిలవకపోవడం, కొత్తగా చిరాకు, రాత్రంతా మేలుకోవడం కనిపిస్తే అదే రోజు డాక్టరుకు తెలియాలి. వీలైతే మొదటి నెల ఇంటి దగ్గరే ఉంచి మందు మొదలుపెట్టాలి. అలా కుదరనప్పుడు వారానికి సరిపడా మాత్రలే ఇచ్చి, వాటిని వార్డెన్ దగ్గర ఉంచాలి.

పాత చీటీతో కొత్త స్ట్రిప్పు

నెల రోజులకు రాసిన మాత్ర ఏళ్ల తరబడి ఎలా సాగుతుంది? మొదటిసారి ఓపీకి వచ్చినవారు రెండోసారి రారు. నరసరావుపేట నుంచో, తెనాలి నుంచో, నూజివీడు నుంచో రావాలంటే ఒక రోజు కూలి పోతుంది. మాత్ర వేసుకుంటే నిద్ర పడుతోంది, ఊళ్లో మెడికల్ షాపులో స్ట్రిప్పు చూపిస్తే ఇస్తున్నారు. ఔషధ నిబంధనల్లోని 65వ నియమం ప్రకారం, డాక్టరు ప్రత్యేకంగా రాయకపోతే ఒక చీటీ మీద ఒక్కసారే మందు ఇవ్వాలి. ఆచరణలో ఖాళీ స్ట్రిప్పే చీటీ అయిపోతోంది.

మాత్ర మానేసిన రాత్రి నిద్ర పట్టకపోతే ‘జబ్బు ఇంకా ఉంది’ అనుకుంటారు. ఆ నిద్రలేమి చాలాసార్లు క్లోనజెపామ్ అలవాటు నుంచి వచ్చేదే. పెద్దవారిలో దీని మూల్యం ఎక్కువ. క్లోనజెపామ్ సగం బయటికి పోవడానికే 30 నుంచి 40 గంటలు పడుతుంది కాబట్టి రోజూ వేసుకుంటే పేరుకుంటుంది. పగటి మతిమరుపును వయసు మీదికి నెట్టేస్తారు. రాత్రి బాత్రూముకు లేచినప్పుడు తూలి పడితే తుంటి ఎముక విరుగుతుంది. చిన్నవారైనా ఈ మాత్ర మొదలుపెట్టిన రోజుల్లో జాతీయ రహదారి మీద బండి నడపకూడదు. మద్యంతో కలిస్తే మత్తు రెట్టింపై ఊపిరి మందగిస్తుంది.

ఇంట్లోని ఇతర మందులతో

*గ్యాస్ మాత్ర.* ఒమెప్రజోల్, ఎసోమెప్రజోల్ కాలేయంలో ఎస్సిటాలోప్రామ్‌ను విరగ్గొట్టే ఎంజైమును అడ్డుకుంటాయి. ఒమెప్రజోల్‌తో కలిస్తే రక్తంలో ఎస్సిటాలోప్రామ్ స్థాయి దాదాపు సగం మేర పెరుగుతుంది. 10 మి.గ్రా. వేసుకుంటున్నా ఒంట్లో 15 వేసుకున్నట్టే. ఈ ఇబ్బంది పాంటోప్రజోల్‌తో చాలా తక్కువ. అయితే పాంటోప్రజోల్‌ను డోంపెరిడోన్‌తో కలిపిన క్యాప్సూల్ మరో సమస్య తెస్తుంది. ఎస్సిటాలోప్రామ్, డోంపెరిడోన్ రెండూ గుండె ఈసీజీలో క్యూటీ అనే వ్యవధిని పెంచుతాయి. అది మరీ పెరిగితే గుండె లయ ప్రమాదకరంగా తప్పుతుంది. అజిత్రోమైసిన్, ఆండాన్‌సెట్రాన్, హాలోపెరిడాల్ కూడా ఇదే కోవలోవి. గుండెజబ్బు ఉన్నవారికి, పొటాషియం తక్కువగా ఉన్నవారికి, వాంతులు విరేచనాలతో నీరసించినవారికి ముందు ఒక ఈసీజీ తీయించడం అవసరం.

*నొప్పి మాత్ర.* మిర్చి యార్డులో బస్తాలు మోసేవారి నుంచి రోజంతా నిలబడి పనిచేసే షాపు గుమాస్తాల దాకా ఒళ్లునొప్పులకు ఏసిక్లోఫెనాక్, డైక్లోఫెనాక్ మింగడం మామూలు. రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లకు సెరటోనిన్ కావాలి, దాన్ని అవి రక్తం నుంచి తీసుకోవాలి. ఎస్సిటాలోప్రామ్ ఆ ద్వారాన్నీ మూస్తుంది. నొప్పి మాత్ర కడుపు పొరను పలచబరుస్తుంది. రెండూ కలిస్తే కడుపులో రక్తస్రావం అయ్యే అవకాశం విడివిడిగా వాడినప్పటికంటే పెరుగుతుంది. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడే గుండె రోగులకూ ఇదే వర్తిస్తుంది. మలం తారులా నల్లగా వస్తే ఆగకూడదు. మామూలు నొప్పికి పారాసిటమాల్ ఒక్కటే చాలు.

*ట్రమడాల్, దగ్గు మందు.* ట్రమడాల్ నొప్పి తగ్గిస్తూనే సెరటోనిన్‌నూ పెంచుతుంది, మూర్ఛ వచ్చే అవకాశాన్నీ పెంచుతుంది. పొడిదగ్గు సిరప్పుల్లోని డెక్స్‌ట్రోమెథార్ఫాన్‌కు, మొండి క్షయకు వాడే లినెజోలిడ్‌కు కూడా సెరటోనిన్ పెంచే గుణం ఉంది. ఎస్సిటాలోప్రామ్‌తో కలిస్తే సెరటోనిన్ సిండ్రోమ్ రావచ్చు. ఒళ్లు వణుకుతుంది, ముఖ్యంగా కాళ్ల కండరాలు తమంతట తాము అదురుతాయి. చెమట, విరేచనాలు, జ్వరం, అయోమయం తోడవుతాయి. కొత్త మందు చేరిన లేదా మోతాదు పెరిగిన 24 గంటల్లోపే ఎక్కువగా బయటపడుతుంది. దీన్ని విషజ్వరమనుకుని ఇంకో ఇంజెక్షన్ వేయించుకోవడం అతి ప్రమాదకరం. ‘ప్లస్’ మాత్ర వాడేవారికి ట్రమడాల్ ఇస్తే ముప్పు రెండు వైపుల నుంచీ వస్తుంది, ఎందుకంటే క్లోనజెపామ్, ట్రమడాల్ రెండూ ఊపిరిని మందగింపజేస్తాయి.

*బీపీ మాత్ర, మే నెల ఎండ.* బీపీ మాత్రల్లో పేరు చివర ‘హెచ్’ ఉన్నవాటిలో సాధారణంగా హైడ్రోక్లోరోథయజైడ్ ఉంటుంది. క్లోర్‌థాలిడోన్ కూడా అదే రకం. ఇవి మూత్రంలో ఉప్పును పంపేస్తాయి. ఎస్సిటాలోప్రామ్ కొందరిలో, ముఖ్యంగా అరవై అయిదు దాటిన స్త్రీలలో, శరీరం నీటిని పట్టి ఉంచేలా చేస్తుంది. ఉప్పు పోయి నీరు మిగిలితే రక్తంలో సోడియం పలచబడుతుంది. ఉండాల్సింది లీటరుకు 135 నుంచి 145 మిల్లీ ఈక్వివలెంట్లు. విజయవాడలో ఎండ 40 డిగ్రీలు దాటే రోజుల్లో చెమటతో ఇంకొంత ఉప్పు పోతుంది, పైగా దాహానికి ఉత్త మంచినీళ్లే బిందెలకొద్దీ తాగుతారు. తలనొప్పి, వికారం, తూలడం, తికమక మాటలు మొదలైతే ఇంట్లోవాళ్లు వడదెబ్బ అనుకుంటారు. లక్షణాలు నిజంగానే ఒకేలా ఉంటాయి, రక్తపరీక్షతోనే తేలుతుంది. ఈ రెండు మాత్రలూ కలిపి వాడే పెద్దవారికి ఎస్సిటాలోప్రామ్ మొదలైన 2 నుంచి 4 వారాల్లో ఒకసారి సోడియం పరీక్ష చేయించడం మంచిది. వేసవిలో మొదలుపెడితే అది తప్పనిసరి అనుకోవాలి.

తలనొప్పికీ, నరాల మంటకూ రాసే పాత మందు అమిట్రిప్టిలిన్ ఎండలో ఇందుకు భిన్నంగా ప్రవర్తిస్తుంది. అది చెమటనే తగ్గిస్తుంది. చెమట పట్టకపోతే ఒళ్లు చల్లబడదు కాబట్టి నిజమైన వడదెబ్బకే దారితీస్తుంది. నోరు ఎండిపోవడం, మలబద్ధకం, ప్రోస్టేట్ గ్రంథి పెరిగిన పెద్దవారిలో మూత్రం బిగుసుకోవడం దీని గుర్తులు. మోతాదు మించితే గుండెకు ఎస్సిటాలోప్రామ్ కంటే ఇది చాలా ఎక్కువ హానికరం. చవకైనదనో, పాతదనో దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

ఆపే దగ్గర

మొదటిసారి కుంగుబాటు వచ్చినవారు పూర్తిగా తేరుకున్నాక మరో 6 నుంచి 12 నెలలు ఎస్సిటాలోప్రామ్ కొనసాగించాలి. పదేపదే వచ్చినవారికి రెండేళ్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ. మందు నిలిపితే తిరగబెట్టే అవకాశం ఎంత? 2021లో ప్రచురితమైన బ్రిటన్ అధ్యయనం యాంట్లర్‌లో, చాలాకాలంగా మందు వాడుతూ బాగున్నవారిలో కొనసాగించినవారికి ఏడాదిలో 39 శాతం, నెమ్మదిగా ఆపినవారికి 56 శాతం తిరగబెట్టింది. అంటే కొనసాగించినా పూర్తి హామీ లేదు, ఆపినవారందరికీ తిరగబెట్టలేదు కూడా. ఈ నిర్ణయం డాక్టరుతో కూర్చుని తీసుకోవాల్సిందే.

ఒక్కసారిగా ఆపితే రెండు నుంచి నాలుగు రోజుల్లో తల తిరగడం, తలలో కరెంటు కొట్టినట్టు క్షణకాలపు జిల్లుమనడం, వికారం, చిరాకు, రాత్రి భయంకరమైన కలలు వస్తాయి. ఈ బాధ పారాక్సెటిన్, వెన్లాఫాక్సిన్ లాంటి త్వరగా కరిగిపోయే మందులతో ఎక్కువ. ఒంట్లో వారాలపాటు నిలిచే ఫ్లూయాక్సెటిన్‌తో తక్కువ. ఎస్సిటాలోప్రామ్ నడుమ ఉంటుంది. జబ్బు తిరగబెట్టడానికీ దీనికీ తేడా కాలంలో ఉంది. ఆపిన కొద్ది రోజుల్లోనే, అంతకుముందు లేని శారీరక లక్షణాలతో వచ్చి, మాత్ర మళ్లీ వేసుకుంటే ఒకటి రెండు రోజుల్లో తగ్గితే అది మందు ఆపిన ప్రభావం. వారాల తర్వాత మెల్లగా పాత దిగులే అలుముకుంటే అది జబ్బు.

‘రోజు విడిచి రోజు వేసుకుని మానేయండి’ అనే సలహా తరచూ వినిపిస్తుంది. లెక్క వేస్తే అది ఎందుకు తప్పో తెలుస్తుంది. ఎస్సిటాలోప్రామ్ సగం తగ్గడానికి సుమారు 30 గంటలు. రోజూ వేసుకుంటే తర్వాతి మాత్ర వేళకు సగానికి పైగా మిగిలి ఉంటుంది. 48 గంటలు ఆగితే మూడో వంతు దగ్గరికి పడిపోతుంది. అంటే రెండు రోజులకోసారి మెదడు ఎక్కి దిగుతూ ఉంటుంది. రోజూ వేసుకుంటూ మోతాదు తగ్గించడమే పద్ధతి: 20 నుంచి 15, 10, 5, ఆపైన 2.5. ఒక్కో మెట్టు దగ్గర 2 నుంచి 4 వారాలు. చివరి మెట్లే కష్టం. తక్కువ మోతాదులోనే ఈ మందు సెరటోనిన్ ద్వారాల్లో అధిక భాగాన్ని మూసేస్తుంది కాబట్టి 20 నుంచి 10కి దిగినప్పుడు పెద్ద తేడా ఉండదు, 5 నుంచి సున్నాకు దిగినప్పుడు ఉంటుంది. అక్కడ తొందర పనికిరాదు.

‘ప్లస్’ మాత్ర వాడేవారు ముందుగా డాక్టరు చేత దాన్ని రెండు మాత్రలుగా విడదీయించాలి. ఎస్సిటాలోప్రామ్‌ను అలాగే ఉంచి, క్లోనజెపామ్‌ను రెండు వారాలకు నాలుగో వంతుకు మించకుండా తగ్గించాలి. ఏళ్లుగా వాడినవారికి ఇంకా నెమ్మదిగా. అది పూర్తయి కుదుటపడ్డాకే ఎస్సిటాలోప్రామ్ సంగతి. రెండూ ఒక్క రోజులో ఆపితే నిద్రలేమి, వణుకు, గాభరా మాత్రమే కాదు, క్లోనజెపామ్ లేకపోవడం వల్ల మూర్ఛ కూడా రావచ్చు. అది ఒంట్లో నెమ్మదిగా కరుగుతుంది కాబట్టి ఈ లక్షణాలు మర్నాడే రావు, కొన్ని రోజులు ఆగి వస్తాయి. మానేసిన మాత్రకూ వచ్చిన మూర్ఛకూ సంబంధం ఉందని ఎవరికీ తట్టదు.

భవానీ దీక్ష, అయ్యప్ప దీక్ష తీసుకునేటప్పుడు మాత్ర మానేయాలనుకునేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఒంటిపూట భోజనం ఈ మందుకు అడ్డం కాదు, ఖాళీ కడుపుతో వేసుకున్నా పనిచేస్తుంది. రంజాన్ ఉపవాసాల్లో సహరీకో, ఇఫ్తారుకో ఒక వేళ ఖాయం చేసుకుంటే సరిపోతుంది.

గర్భిణులకు

గర్భం అని తెలిసిన రోజే మాత్ర మానేయడం సరికాదు. కుంగుబాటు తిరగబెడితే తల్లికీ బిడ్డకూ నష్టం. పారాక్సెటిన్‌ను మాత్రం సాధారణంగా తప్పిస్తారు. పాలిచ్చే తల్లులకు సెర్ట్రలిన్ పాలలోకి తక్కువగా వెళ్తుంది కాబట్టి దానికి ప్రాధాన్యం ఇస్తారు. క్లోనజెపామ్ ఉన్న మాత్రతో బిడ్డకు మగత, పాలు సరిగా తాగకపోవడం ఉండవచ్చు. గర్భం ప్లాన్ చేసుకునేటప్పుడే మాత్రను విడదీయించుకోవడం మేలు.

ఎక్కడ అడగాలి, ఎప్పుడు పరుగెత్తాలి

గుంటూరు, విజయవాడ ప్రభుత్వ సర్వజనాసుపత్రుల్లోనూ, మంగళగిరి ఎయిమ్స్‌లోనూ మానసిక వైద్య విభాగాలున్నాయి. డాక్టరును అడగాల్సినవి మూడే: ఈ మాత్రలో క్లోనజెపామ్ ఉందా, అది ఎన్ని వారాలకు, మళ్లీ ఎప్పుడు రావాలి. జవాబును చీటీ మీదే రాయించుకోవాలి. వెళ్లేటప్పుడు ఇంట్లోని బీపీ, గ్యాస్, నొప్పి మాత్రల స్ట్రిప్పులన్నీ వెంట ఉండాలి.

చనిపోవాలన్న ఆలోచన వస్తున్నా, ఇంట్లో ఎవరైనా అలా మాట్లాడుతున్నా కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. అలాంటి రోజుల్లో మాత్రలు రోగి దగ్గర కాకుండా మరొకరి దగ్గర తాళంలో ఉండాలి. మూర్ఛ, స్పృహ తప్పడం, ఊపిరి నెమ్మదించడం, వణుకుతో కూడిన తీవ్ర జ్వరం, నల్లటి మలం, ఎక్కువ మాత్రలు మింగారన్న అనుమానం: వీటిలో ఏది ఉన్నా 108కి ఫోన్ చేయాలి. వాంతి చేయించే ప్రయత్నం చేయకూడదు. స్పృహ లేకపోతే పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఖాళీ స్ట్రిప్పులు అంబులెన్సు సిబ్బందికి ఇవ్వాలి.